ఉగాదికి ముందు కత్తెర

వికారాబాదులో ఆ రోజు ట్రైనింగు హాల్లో ఏసీ ఎంత గట్టిగా వేశారంటే, ఎండల గురించి వినడానికి వచ్చిన మేమంతా చున్నీలూ రుమాళ్లూ మెడకు చుట్టుకుని కూర్చున్నాం. తెర మీద ఎర్రటి గీత ఒకటి పైకి ఎక్కుతూ పోయింది. బొగ్గు, పెట్రోలు, సిమెంటు, నరికిన అడవులు, వీటన్నిటి నుంచి లేచిన గాలి పైన చేరి భూమికి దుప్పటి కప్పిందని సారు చెప్పాడు. అందుకే ఎండలు ముందే వస్తున్నాయి, వానలు దారి తప్పుతున్నాయి అన్నాడు. తలా ఒక ఫైలూ, ఒక పెన్నూ ఇచ్చారు. మధ్యాహ్నం బగారా అన్నం పెట్టారు. ఫైల్లో మూడో పేజీలో ఒక మాట ఉంది: ఎండలు ముందుగా మొదలైతే గొర్రెల ఉన్నిని కూడా ముందుగానే కత్తిరించాలి. దాని కింద నేను గీత గీసుకున్నాను. ఆ పెన్ను ఇంకా నా బ్యాగులో ఉంది, బాగానే రాస్తోంది.

నా పేరు సైరా. కుల్కచర్ల మండలంలో పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటుని. డాక్టర్ని కాదు. ఆ సంగతి ఊళ్లలో మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. అయినా డాక్టరమ్మా అనే పిలిచేవాళ్లు. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న చోట అసిస్టెంటే డాక్టరు కాబట్టి నేనూ చెప్పడం మానేశాను. మా ఇల్లు తాండూరులో. రోజూ రెండు బస్సులు మారి వెళ్తాను, రెండు బస్సులు మారి వస్తాను. గొర్రెలకు కడుపులో పురుగులు చావడానికి నట్టల మందు పోయడం, చిటుకు రోగానికి టీకాలు వేయడం, మందు పోసిన గొర్రె వీపున నీలం రంగు గీత పెట్టడం, ఇదీ నా పని. గీత పెట్టకపోతే పోసినదానికే రెండోసారి పోస్తాం. గొర్రెలన్నీ ఒకలాగే ఉంటాయి కదా అంటారు చూసేవాళ్లు. బీరమ్మ వింటే నవ్వుతుంది. ఆమెకు ప్రతి గొర్రె ముఖమూ తెలుసు.

బీరమ్మ, చెన్నయ్య భార్యాభర్తలు, గొర్రెలు కాసే కురుమలు. అరవై దాటినవాళ్లు. వాళ్లది నల్ల గొర్రెల మంద, అరవై రెండు జీవాలు. చుట్టుపక్కల చాలామంది ఉన్ని లేని పెద్ద గొర్రెలకు మారిపోయారు. చెన్నయ్య మారలేదు. ఈ గొర్రె మా దేవునిది అంటాడు, మళ్లీ అడిగితే అదే మాట ఇంకాస్త గట్టిగా అంటాడు. రెండేళ్ల కింద వాళ్ల చెవి తెగిన గొర్రె ఈనలేక అల్లాడుతుంటే నేను చెయ్యి పెట్టి పిల్లను తిప్పి బయటికి తీశాను. అప్పటినుంచి బీరమ్మకు నా మాటంటే మాట.

చెన్నయ్య ఇంట్లో కత్తెర ఒకటి పాత ధోతి గుడ్డలో చుట్టి దూలానికి కట్టి ఉంటుంది. గొర్రెల బొచ్చు తీసే కత్తెర. ఉగాది నాడు పంతులు పంచాంగం చదివాక, ఆ ఏడు వాన ఎంత, ఎండ ఎంత అని విన్నాకే అది కిందికి దిగుతుంది. వాళ్ల తాత అట్లాగే దించాడట, తండ్రి అట్లాగే దించాడట. పంచాంగానికి ముందు ఆ మూట విప్పగా ఎవరూ చూడలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే ముప్ఫై ఎనిమిది డిగ్రీలు వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ ఏడు శివరాత్రి రాకముందే పోయింది. నేను వెళ్లేసరికి మంద మొత్తం ఒక తుమ్మచెట్టు నీడలో తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చుకుని రొప్పుతోంది. థర్మామీటరు పెట్టి చూశాను. నూటా ఐదు, ఉండాల్సినదానికి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ.

"తాతా, ఈసారి బొచ్చు ముందే తీసెయ్యి," అన్నాను.

చెన్నయ్య కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు. "ఉగాది కావాలె."

"ఉగాది ఇంకా నెల రోజులుంది. కాలం మారింది తాతా."

"మారిందని నాకూ ఎరుకే బిడ్డా. ఎటు మారిందో నీకెరుకనా?"

నాకు కోపం వచ్చింది. మూడో పేజీ నా బ్యాగులో ఉంది మరి. ముసలాళ్ల మొండితనం అనుకున్నాను. ఆయనను వదిలేసి బీరమ్మను పక్కకు పిలిచి థర్మామీటరు చూపించాను. మామూలుగా ఎంత ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది, ఇంకెంత పెరిగితే ఏమవుతుంది, అంతా వివరంగా చెప్పాను. ఆమె అంకెలు చదవలేదు కానీ విన్నది. "నూటా అయిదా?" అని రెండుసార్లు అడిగింది. "సరే బిడ్డా, ముసలాయనకు నేను జెప్త" అంది.

నాలుగు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి కత్తెర దిగింది. చెన్నయ్య గొర్రెను మోకాళ్ల మధ్య పెట్టుకుని కత్తిరిస్తున్నాడు, నాతో మాట్లాడలేదు. చర్మానికి ఒక్క గాటు పడకుండా, గొంగడి మడత విప్పినట్టు ఉన్ని ఊడి వస్తోంది. రెండు రోజుల్లో యాభై ఎనిమిదింటికి తీశాడు. నాలుగింటిని ఈనేందుకు దగ్గరపడ్డాయని వదిలేశాడు. అందులో ఆ చెవి తెగినది ఒకటి. బొచ్చు తీసిన గొర్రెలు ఎండలో తేలికగా తిరుగుతుంటే నాకు చాలా గర్వంగా అనిపించింది. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఏడెనిమిది మంది బొటనవేళ్లు చూపించారు.

మార్చి మధ్యలో, ఉగాది ఇంకా ఆరు రోజులుందనగా, ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడింది. ఫోనులో హెచ్చరిక పొద్దున్నే వచ్చింది. అటువంటివి వారానికి రెండు వచ్చేవి, నేను చదవకుండానే పక్కకు తోసేశాను. మొదట ఆస్పత్రి రేకుల మీద ఎవరో గులకరాళ్లు విసిరినట్టు చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ విడిగా వినిపించలేదు. ఇరవై నిమిషాలు రాళ్ల వాన. ఆగాక బయటికి వస్తే రోడ్డు లేదు, అంతా తెలుపు. ముళ్లకంచెలు తెలుపు, శనగ చేన్లు తెలుపు. పాదం మునిగేంత మంచు.

కార్లు ఆగాయి, బైకులు ఆగాయి. జనం దిగి ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. కశ్మీరు, కశ్మీరు అని ఒకటే అరుపులు. ఒకతను భార్యను మంచులో కూర్చోబెట్టి వీడియో తీస్తూ, కింద తడుస్తోందయ్యా అని ఆమె మొత్తుకుంటున్నా లేవనివ్వలేదు. వాళ్లను ఇప్పుడు తిట్టడం సులువు. నేనూ ఒక ఫోటో తీశాను. తీసి తాండూరులో మా నాన్నకు, అబ్బాకు, పంపాను, కింద నవ్వే బొమ్మ ఒకటి పెట్టి. ఆ ఫోటో ఇంకా ఫోనులో ఉంది. చాలాసార్లు తీసేద్దామనుకున్నాను, తీసేయలేదు.

అప్పుడు మల్లయ్య ఫోన్ చేశాడు. చెన్నయ్య మంద పక్కన మంద మేపేది అతనే. "డాక్టరమ్మా, జర జల్ది రా. చెన్నయ్య గొర్లు పడిపోతున్నయ్" అన్నాడు.

కోసేసిన కంది చేను అది. చెట్టు లేదు, కొట్టం లేదు. మంద మొత్తం గట్టు మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కింది. కింద ఉన్నవి ఊపిరాడక పోతున్నాయి, పైన ఉన్నవి చలికి పోతున్నాయి. బొచ్చు లేని చర్మం కమిలి నీలంగా ఉంది. చెన్నయ్య దగ్గర ఉన్నది ఒకటే గొంగడి. దాన్ని ఒక గొర్రె మీద కప్పుతాడు, దాని వణుకు తగ్గిందో లేదో చూడకుండానే తీసి ఇంకోదాని మీద కప్పుతాడు. యాభై ఎనిమిది గొర్రెలకు ఒక గొంగడి. బీరమ్మ మంచులో కూర్చుని కొంగులో ఒక పిల్లను దాచుకుని రుద్దుతోంది. చెవి తెగిన గొర్రె ఆ వానలోనే ఈనింది. ఆ పిల్ల అది.

నేను థర్మామీటరు తీశాను. ఎందుకు తీశానో తెలియదు, చేతికి అలవాటైన పని అది ఒక్కటే. అది అంకె చూపించలేదు. ఇంత తక్కువ వేడిని కొలవడం దానికి రాదు. ఇంకోదానికి పెట్టాను, మళ్లీ అంతే. వరిగడ్డి అంటిద్దామంటే తడి. పైకి ఎక్కినవాటిని లాగి విడిగా పడుకోబెట్టాం, మల్లయ్య, నేను, ఇంకో ఇద్దరు. కాసేపటికి నా వేళ్లు నాకు తెలియలేదు. గొర్రె చెవి పట్టుకున్నానో రాయి పట్టుకున్నానో చూస్తే తప్ప తెలియలేదు. పొద్దు గూకేలోపు నలభై ఒకటి పోయాయి.

మల్లయ్య మంద ముప్ఫై గజాల అవతల నిలబడి ఉంది. అదే చేను, అదే వాన. వాటి బొచ్చు మీద మంచు కరిగి ఆవిరి లేస్తోంది. అతనివి మూడు పోయాయి. వాటి వైపు చెన్నయ్య ఒకసారి చూసి, తర్వాత చూడలేదు. నేను మాత్రం చాలాసేపు చూశాను. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను కూడా. రాలేదు.

రెండో రోజు వికారాబాదు నుంచి పెద్ద సారు వచ్చాడు. గొర్రెలను లెక్కపెట్టించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"ఒకటే చేను, ఒకటే వాన. ఆయనవి మూడు, వీళ్లవి నలభై ఒకటి. ఏందిది?"

మల్లయ్య నెమ్మదిగా అన్నాడు, "బొచ్చు తీసిండ్రు సార్. ఉగాది గాకముందే."

"ఎవరు తీయమన్నరు?"

నేను నోరు తెరిచాను. తెరిచానని ఖచ్చితంగా గుర్తుంది. మాట బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతలోపే బీరమ్మ అంది:

"నాకే బుద్ధి పుట్టింది సారూ. ఎండకు గోసపడుతున్నయని నేనే తీపిచ్చిన."

సారు నా వైపు తిరిగి "రాయమ్మా" అన్నాడు. నేను రాశాను. "ఉన్నిని కత్తిరించే నిర్ణయం యజమాని భార్య స్వయంగా తీసుకున్నది" అని, ట్రైనింగులో ఇచ్చిన పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద సంతకం పెట్టాను. బీరమ్మ వేలిముద్ర వేసింది. ఆమె బొటనవేలికి సిరా అంటించింది కూడా నేనే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అబ్బాకు మొత్తం చెప్పాను. మా అబ్బా జమాల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాడు, మొత్తం సున్నపురాయిని కాల్చే బట్టీ దగ్గరే. వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి. పొగలు కక్కే చాయ్ గ్లాసును అంచు పట్టుకోకుండా మధ్యలో పట్టుకుని తాగుతాడు. చూసేవాళ్లకు మంట పుడుతుంది, ఆయనకు పుట్టదు.

"మీ సారు చెప్పిన దుప్పటి ఏ గాలితోని అయింది?" అని అడిగాడు.

చెప్పాను.

"మా కెమిస్టు సాబ్ జెప్తుండె. వంద కిలోల సున్నపురాయి కాలిస్తె నలభై కిలోల పైన గాలే పోతదంట. రాయిల ఉన్న గాలి. బొగ్గుది వేరే." గ్లాసు తిప్పుతూ కాసేపు లెక్కవేసుకున్నాడు, మధ్యలో ఆపేశాడు. "ఇరవై ఆరేండ్లు కాల్చిన. నీ డిప్లొమా దాంట్లకెల్లే, ఈ ఇల్లు దాంట్లకెల్లే. మరి ఆ గొర్లను నువ్వు సంపినట్టా, నేను సంపినట్టా?"

"అబ్బా, నక్కో, అట్ల అనకు," అన్నాను.

"లోకమంత కాలుస్తున్నరు బేటీ, నేనొక్కణ్నేనా. ఇల్లు కట్టనోడెవడు? గది పెద్ద లెక్క, మనతోని తెగది. గానీ ఆ కాయితం చిన్నది. రాసింది నువ్వు."

ఆయన తన వేళ్లు చూసుకున్నాడు.

"వీటికి వేడి తెలుస్తలేదని కాలుతలేవనుకునేటోణ్ని మొదట్ల. వాసనొచ్చినంక తెలిసేది."

ఆ తర్వాత ఏడాది మామూలుగానే గడిచింది. అదే విచిత్రం. టీకాలు వేశాను, నట్టల మందు పోశాను, నీలం గీతలు పెట్టాను, బస్సులు మారాను. రంజాన్ వచ్చింది, కొత్త బట్టలు కుట్టించుకున్నాను. అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది. ఏమైనా అనిపిస్తోందా అని అప్పుడప్పుడు లోపలికి చూసుకునేదాన్ని. చేతులు ఆ చేన్లో ఎట్లా ఉన్నాయో లోపల అట్లాగే ఉండేది.

బీరమ్మకు మాత్రం మామూలుగా గడవలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అట్లా మంద పోయిన మీద మాటలు పడ్డాయి. ఆడిదాని మాట విని కత్తెర దించాడు అని మొదలైంది. మంద మింగింది అనే దాకా వచ్చింది. ఆషాఢంలో చెన్నయ్య అక్క వచ్చి, గొర్రెలు మళ్లీ కట్టాలంటే, పిల్లలు బతకాలంటే ఈమె దొడ్డిలో అడుగు పెట్టొద్దని చెప్పి పోయింది. చెన్నయ్య అవునన్లేదు, కాదన్లేదు. అప్పటినుంచి బీరమ్మ నీళ్ల బిందె దొడ్డి కంప దాకా తెచ్చి బయటే దించేది. ప్రతి గొర్రె ముఖం తెలిసిన మనిషి, ముళ్లకంప సందుల్లోంచి వాటిని చూసేది. అవి ఆమె వాసన పట్టి కంప దగ్గరికి వచ్చి అరిచేవి. నేను వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. "బాగున్నవా బిడ్డా, తిన్నవా?" అని ఆమె అడిగేది. బాగున్నానని చెప్పేదాన్ని, తిన్నానని చెప్పేదాన్ని. నా మీద నాకు అసహ్యం వేసేది, అది కూడా పొద్దున వేసి మధ్యాహ్నానికి చల్లారిపోయేది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. మళ్లీ ముప్ఫై ఎనిమిది. నట్టల మందు పోయడానికి వెళ్లేసరికి చెన్నయ్య దొడ్డి ముందు బండ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మూట ఉంది. పాత ధోతి గుడ్డ మూట. దూలం మీద ఉండాల్సింది, పంచాంగానికి ముందే ఒళ్లో ఉంది. మందు కోసం మల్లయ్యా, ఇంకో నలుగురూ తమ గొర్రెలతో వచ్చి ఉన్నారు. బీరమ్మ కంప బయట, బిందె పక్కన నిలబడి ఉంది.

"గీ యేడు అధిక మాసమచ్చి ఉగాది ఏప్రిల్ల వడ్డది," అన్నాడు చెన్నయ్య. "గప్పటిదాంక బొచ్చు మీద ఉంటె గివి ఆగుతయా? మొన్న రెండిటికి కడుపులనే పిల్లలు పోయినయ్ ఎండకు. తీస్తె, మల్ల పోయినేటి లెక్క రాళ్లు వడితె? పంచాంగం గట్లాయె. నీ ఫోను గట్లాయె." మూటను నా వైపు చాచాడు. "తీయాల్నా, వద్దా? నువ్వు జెప్పు."

దొడ్డిలో ఇరవై ఎనిమిది ఉన్నాయి. మిగిలినవీ, వాటికి పుట్టినవీ. అన్నీ తలలు దించి రొప్పుతున్నాయి. ఈ మనిషి నన్ను మళ్లీ అడుగుతున్నాడు. అది నాకు తట్టుకోలేనంత కష్టంగా అనిపించింది. ఏడాది తర్వాత ఏదో అనిపించడం అదే మొదలు.

"తాతా, పోయినేడు అవ్వకు చెప్పింది నేనే."

"ఎరుకే," అన్నాడు.

"ఎట్ల?"

"అది నాతోని లొల్లి వెట్టుకున్ననాడు నూటా అయిదు డిగ్రీలు అన్నది. మా ఇంట్ల డిగ్రీలు ఎన్నడున్నయ్ బిడ్డా?" నవ్వినట్టే ఉంది ముఖం. "సార్లకు జెప్తనన్న. అదే వద్దన్నది. డాక్టరమ్మను ఈడికెల్లి మారిస్తె ఉన్నయి ఎవలు జూస్తరు, మల్ల కొత్తోళ్లు ఎప్పుడొస్తరు అన్నది. నేనూ ఊకున్న. కత్తెర నా చేతుల ఉండె. నిన్నేమంట?"

"నన్ను అనకపోతే అనకపోతివి. అవ్వను ఎందుకు బయట నిలబెట్టినవ్?"

ఆయన మూట ముడిని ఇంకాస్త బిగించాడు. నేనూ ఏడాది ఊరుకున్నాను కదా. ఇద్దరం కలిసి ఒక ముసలిదాన్ని ఎండలో నిలబెట్టాం, ఆమె మాకోసం నీళ్లు మోసింది.

గట్టిగా మాట్లాడటం నాకు రాదు. ఆ రోజు వచ్చింది. మల్లయ్య వైపు తిరిగాను.

"మల్లయ్యా, అందరూ వినండి. పోయినేడు బొచ్చు తీయమన్నది నేను. థర్మామీటరు చూపెట్టి అవ్వను నమ్మించింది నేను. కాయితం మీద అబద్ధం రాసింది కూడా నేనే."

మల్లయ్య నోట్లో పుల్ల తీసేశాడు. "సార్లకు జెప్తవా?"

"రాసిస్త."

"ఉద్యోగం?"

"ఏమో."

రాసిచ్చాను, మర్నాడే, వికారాబాదు వెళ్లి. ఏడాదైపోయిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావమ్మా అని సారు విసుక్కుని దాన్ని ఫైళ్ల కింద పెట్టాడు. అది పైకి ఎప్పుడు వస్తుందో, వస్తే ఏమవుతుందో నాకు తెలియదు. కానీ ఆ రోజు దొడ్డి దగ్గర అదంతా ఆలోచించలేదు. కంప పట్టుకుని పక్కకు లాగాను. ముళ్లు గుచ్చుకున్నాయి, గుచ్చుకున్నట్టు తెలిసింది కూడా.

"అవ్వా, లోపలికి రా. గొర్రెను పట్టేవాళ్లు కావాలె."

బీరమ్మ చెన్నయ్యను చూసింది. చెన్నయ్య మల్లయ్యను చూశాడు. మల్లయ్య నేలను చూశాడు. వద్దని ఎవరూ అనలేదు. ఆమె చెప్పులు బయట విప్పి, కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి వచ్చింది. రొప్పుతూ పడుకున్న గొర్రెలు లేచాయి. ఆమె కాళ్ల చుట్టూ చేరి ఒకటే అరుపులు, ఆమె చెయ్యి ఒక్కోదాని నొసటి మీద పడుతోంది. "ఓ ముండా, ఎంత బక్కగైనవే" అని ఒకదాన్ని తిట్టింది. అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

కత్తెర ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. చెన్నయ్య మళ్లీ అడిగాడు.

"నాకు తెల్వది తాతా," అన్నాను. "నిజంగ తెల్వది. ఎవలకూ తెల్వది."

"సగం," అంది బీరమ్మ. ముక్కు తుడుచుకుని, చాలా మామూలుగా అంది. "సగం తీద్దం, సగం ఉంచుదం. ఎండ గొడితె తీసినయి మిగులుతయ్. రాళ్లు వడితె తీయనియి మిగులుతయ్. మందకు మంద పోవద్దు." తర్వాత నా వైపు చూసింది. "రంగు నువ్వే వెట్టు బిడ్డా. తీసేటియాటికి వెట్టు."

ఆమె ఒక్కోదాన్ని పట్టుకుంది. నేను నీలం రంగు పెట్టాను, లేదా పెట్టకుండా వదిలేశాను. ఏ లెక్క ప్రకారమో అడిగితే చెప్పలేను. బక్కది ఎండకు ఆగదు, చలికీ ఆగదు. బలమైనది దేనికి ఆగుతుందో నాకేం తెలుసు. రెండు గంటల్లో ఇరవై ఆరు అయ్యాయి. పదమూడింటి వీపున నీలం ఉంది, పదమూడింటికి లేదు.

చివరికి రెండు మిగిలాయి. చెవి తెగిన గొర్రె, దాని పిల్ల. రాళ్ల వాన నాడు బీరమ్మ కొంగులో బతికిన పిల్ల. ఏడాదికి ఎదిగి తల్లంత అయింది, అయినా తల్లి పక్క వదలదు. బీరమ్మ రెండింటినీ చెరో చేత్తో మెడలు పట్టుకుని కూర్చుంది. సగానికి సగం కావాలంటే వాటిలో ఒకదానికే రంగు పెట్టాలి.

"ఏదానికి అవ్వా?" అని అడిగాను. "నువ్వు చెప్పు."

"నేను జెప్ప బిడ్డా," అంది. "ఒక్కసారి జెప్పిన."

నేను పిల్ల వీపున నీలం గీత పెట్టాను. పెట్టాక ముగ్గురం ఒకేసారి తలెత్తి చూశాం. ఆకాశంలో ఎక్కడా ఒక్క మబ్బు లేదు. పోయినేడు కూడా లేదు. చెన్నయ్య మూట విప్పి కత్తెర తీసి, ముందుగా పిల్లను మోకాళ్ల మధ్యకు లాక్కున్నాడు.